రాతి కావలి బలం ఎనిమిది

పోత షెడ్డు,
కిటికీ పక్క బల్ల

చచ్చిపోయినవాడి మొహాన్ని నాచేత పోత పోయిస్తున్నావు. నువ్వే. ఇంకెవరో చేసి ఉంటే నాకింత మండేది కాదు.

పొద్దున కొత్త అచ్చులొచ్చాయి. రబ్బరు ఇంకా కొత్త చెప్పుల వాసన కొడుతోంది. మేస్త్రీ తెచ్చి నా బల్ల మీద పడేసి, "రాతి కావలి అంట. మీ అన్న తయారుచేసే పాచికల ఆటలోకి కొత్త బొమ్మ. బుడగలు రాకుండా చూసుకో" అన్నాడు. రెజిన్ కలిపాను, పోశాను, గాలి లాగే డబ్బాలో పెట్టాను. గట్టిపడ్డాక అచ్చు విప్పాను. వేలెడంత బొమ్మ. బండరాళ్ళు పేర్చినట్టు ఒళ్ళు. కుడి భుజం మీద రాతి తలుపు. ఆ బరువుకి మోకాళ్ళు కాస్త వంగాయి. మొహం మీద మిగిలిన అంచును బ్లేడుతో గీస్తుంటే ఎడమ చెవి బయటపడింది. సగం తెగిన చెవి. కింది పెదవి ఓ పక్కకి లాగి ఉంది, జోకు వెయ్యబోతూ ఆగినట్టు.

బండ.

ఎవరి గురించి రాస్తున్నానో తెలియనట్టు నటించకు. నీతో ఒకే బల్ల మీద ఏళ్ళ తరబడి పాచికలేసిన బండ. డ్రమ్ములు మోసే బండ. "కాస్త జరగరా" అంటే "బండ జరుగుతుందా?" అని ఇంకాస్త సర్దుకుని కూర్చునే బండ. ఎండాకాలంలో థిన్నరు గది అంటుకున్నప్పుడు, పైకి వెళ్ళాల్సిన షెడ్డు ఇనప షట్టరు సగంలో ఆగి మళ్ళీ కిందికి జారుతుంటే, దాని కింద భుజం పెట్టి నిలబడి, మా ఆరుగురినీ పాకించి బయటికి పంపి, చివరికి తనొక్కడే లోపల మిగిలిపోయిన బండ.

ఇప్పుడు వాడు నా బల్ల మీద ట్రేలో వరసగా ఆరుతున్నాడు. ఇరవై మంది బండలు. ఒక్కొక్కణ్ణీ తీసి, మెడ దగ్గర అంచు కోసి, సబ్బునీళ్ళలో కడిగి, దీపం కింద పెట్టి చూడాలి. బుడగ ఉన్నవాణ్ణి చెత్తబుట్టలో వెయ్యాలి. ఇవ్వాళ ముగ్గుర్ని వేశాను. చెయ్యి రాలేదు, మళ్ళీ తీశాను. మేస్త్రీ చూసి, "మొహం ఎవరిదైతే నీకేంటి? ముక్కు మీద బుడగ ఉందా లేదా, అది చూడు" అన్నాడు. ఆయన్ని అనడానికి లేదు. ఆయనా గుర్తుపట్టాడు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా నా బల్ల వైపు రాలేదు.

మంటలయ్యాక మేడ మీద ఆఫీసును ఇంకో ఊరికి మార్చుకుని నువ్వు వెళ్ళిపోయావు. ఫోన్ ఎత్తడం మానేశావు. అందుకే కాగితం. ఎందుకు చేశావో రాయి. తియ్యటి మాటలొద్దు.

నీ చెల్లెలు


కొత్త ఆఫీసు,
మూడో అంతస్తు

పిడుగూ,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాను. నీకు ముందే చెప్పాల్సింది. అచ్చులు ఇంకో షెడ్డుకి వెళ్తాయనుకున్నాను.

బండ ఎప్పుడూ ఏమనేవాడో నీకు తెలుసు కదా. "మీ ఆటల్లో అందరూ కత్తులు తిప్పే సన్నోళ్ళేరా. మోసేవాడు ఒక్కడూ లేడు. మోసేవాడు లేకుండా మీ రాజ్యాలు ఎలా లేచాయిరా?" అని దెప్పేవాడు. నేను మోసేవాణ్ణి రాశాను, అంతే. ఆటలో ఒక గుహ ఉంటుంది. అందులో చిక్కుకున్న ఊరివాళ్ళు బయటపడేదాకా రాతి కావలి తలుపు మోస్తూ నిలబడతాడు. బొమ్మ చెక్కేవాడికి బండ ఫోటో నేనే ఇచ్చాను. అవమానించాలని కాదు. వాడికంటూ ఎక్కడైనా ఒక చోటు ఉండాలనిపించింది. ఇకమీదట ఎవరెవరి ఇళ్ళలోనో, ఎవరెవరి బల్లల మీదో వాడు నిలబడి ఉంటాడు. అది తప్పంటావా?

నువ్వు ఆ బల్ల మార్పించుకో. మేస్త్రీకి నేను చెప్తాను.

ఇంకో మాట. విచారణలో నువ్వు మరీ ముందుకి పోతున్నావని విన్నాను. బయటపడిన ఆరుగురిలో ఐదుగురు, పొగలో ఏమీ కనపడలేదని చెప్పి ఊరుకున్నారు. నువ్వూ అడిగినదానికి అడిగినంతే చెప్పు. జరిగింది జరిగిపోయింది. నీకింకా బోలెడు బతుకుంది.

వేళకి తింటున్నావా? దగ్గు తగ్గిందా?

అన్నయ్య


పోత షెడ్డు,
అదే బల్ల, మార్పించుకోలేదు

మూడో అంతస్తు పెద్దమనిషికి,

దగ్గు తగ్గలేదు. నా దగ్గు సంగతి తర్వాత.

నీ కార్డులు అచ్చయి వచ్చాయి. బొమ్మతో పాటు పెట్టెలో పెట్టేవి. మాకు తెలియకూడని రహస్యమేమీ కాదు కదా, ఒకటి తీసి చదివాను. "రాతి కావలి. బలం ఎనిమిది. తలుపును మూడు వంతుల పాటు, అంటే పాచికలు మూడు చుట్లు తిరిగేదాకా, మోయగలడు. తర్వాత కూలిపోతాడు. అతన్ని ముందే పడగొట్టిన ఆటగాడికి లోపలున్నవారందరూ బందీలవుతారు. తలకు రెండు పాయింట్లు."

తలకు రెండు పాయింట్లు. అంటే నా ఖరీదు రెండు పాయింట్లన్నమాట. సరే, అది వదిలెయ్. ముందు పంపిన కార్డుల చిత్తుప్రతి మేస్త్రీ దగ్గరుంది. అందులో బలం ఇరవై. వంతులు అన్నచోట అంకె లేదు. "చివరి మనిషి బయటపడేదాకా వదలడు" అని ఉంది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి, పక్కన మూడు అని వేశావు. నీ రాత నాకు తెలియదా? చిన్నప్పుడు నా కాపీ పుస్తకాల్లో తప్పులు దిద్దిన రాతే కదా.

ఎందుకు తగ్గించావు? వాడు మూడు వంతులే మోశాడా? నువ్వు చూశావా?

చూశావు. అదే నాకు పిచ్చెక్కిస్తోంది.

నిన్న విచారణ ఆఫీసరు మళ్ళీ పిలిచాడు. మంచివాడే, కుర్చీ వేశాడు. "చూడమ్మా, ఆ షట్టరు బరువు ఎంతో తెలుసా? ఇద్దరు మనుషులు కలిసినా అంతసేపు మొయ్యలేరని నిపుణులు రాసిచ్చారు" అన్నాడు.

"నేను చూశానండీ."

"పొగలో చూశావు."

"పొగలోనే. తలెత్తితే వాడి గడ్డం కనిపించింది. చెమట నా మెడ మీద పడింది."

"మోయడం అసాధ్యం అయినప్పుడు, మోశాడన్న మాట నేనెలా రాసుకోను? షట్టరు బాగానే ఉందని కంపెనీ అంటోంది. మీరంతా మామూలుగానే బయటికి నడిచొచ్చారు, థిన్నరు గదిలో బీడీ ముట్టించింది అతనే, మంటలయ్యాక ఏదో తెచ్చుకోడానికి వెనక్కి పోయాడు, అని."

"వాడు బీడీ తాగడండీ. ఎవరైనా తాగితే ముక్కు మూసుకుని కేకలేసేవాడు."

అప్పుడాయన కాగితాలు తిప్పి చదివాడు: "నేను వచ్చేసరికి షట్టరు పూర్తిగా కిందికి దిగి ఉంది. ఎవరూ మోస్తుండగా నేను చూడలేదు." చదివి నా మొహం చూశాడు. "ఇది మీ అన్నగారి వాంగ్మూలం. ఆయనకి నీ కంటే నిదానం ఎక్కువలా ఉంది" అన్నాడు.

నేనేం మాట్లాడానో నాకే గుర్తులేదు. బయటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆ రోజు షట్టరు కింద నా తల బయటికి రాగానే చంకల కింద చేతులేసి లాగింది ఎవరు? ఆ చేతికి గడియారం ఉంది. దాని పట్టీ తెగితే నా బల్ల మీద దారంతో కుట్టింది నేనే. ఆ కుట్టు నా బుగ్గకి గీసుకుంది. ఆ చెయ్యి నీది కాకపోతే ఎవరిది?

వాడు మొయ్యడం అసాధ్యం అని కంపెనీ అంటోంది. బలం ఎనిమిది అని నువ్వూ అంటున్నావు. మీ రెండు మాటలకీ తేడా ఎక్కడుంది? చెప్పు.

చెల్లెలు


మూడో అంతస్తు

ఒసేయ్,

ఇక్కడికి వచ్చే ఉత్తరాలు ముందు మేనేజరు బల్ల మీద పడతాయి. కవరు విప్పి ఉంది. ఎవరు విప్పారో నేనడగలేదు. ఇకమీదట ఈ కాగితం వెనక రాసిన చిరునామాకి పంపు. అది నేనుండే గది.

బలం సంగతి చెప్తాను. కొత్త ఆట అచ్చుకి పోయేముందు బయటివాళ్ళ చేత ఆడిస్తాం. వాళ్ళ మాటని బట్టి అంకెలు దిద్దుతాం. ఇది మా పనిలో మామూలే. ఇరవై బలంతో ఆడిన ప్రతి జట్టూ ఒకటే గోల: "ఇదేం అన్యాయం? ఎంతకొట్టినా పడడు. ఇంతసేపు ఎవడు మోస్తాడండీ, నమ్మబుద్ధి కావట్లేదు." ఒకడు నవ్వుతూ, "రాసినవాడికి ఈ రాయి మీద ప్రేమ ఎక్కువైనట్టుంది" అన్నాడు. మేనేజరు నా వైపు చూశాడు. ఆయనకి తెలుసు. "నమ్మేలా దిద్దు" అన్నాడు. పదిహేను చేశాను. పన్నెండు చేశాను. ప్రతిసారీ చెయ్యి ఆగేది. ఎనిమిది దగ్గర జట్లు ఒప్పుకున్నాయి. నేనూ ఒప్పుకున్నాను.

మిగతా సంగతి అడక్కు. నీ కాళ్ళు పట్టుకుంటాను, అడక్కు.

అ.


పోత షెడ్డు, భోజనాల బల్ల

అన్నయ్యా,

అడక్కు అన్నావు. మొదట్లో అడక్కూడదనే అనుకున్నాను. నీ కాగితంలో ఆ ఆఖరి మాట చూస్తే భయమేసింది. నువ్వెప్పుడూ నాతో అలా మాట్లాడలేదు. నీ కాళ్ళు పట్టుకునేది నేను, సైకిలు కావాలని, సినిమాకి పోనివ్వమని.

కానీ ఇవ్వాళ బండ వాళ్ళక్క వచ్చింది.

వాడి లాకరు ఖాళీ చేసుకోమని కంపెనీ కబురు పెట్టిందట. మేస్త్రీ తాళం తీసి పక్కకి తప్పుకున్నాడు. ఒక చొక్కా, దువ్వెన, మీ ఆటలో పాచికలు రెండు. అంతే. ఆమె చొక్కా మడతపెడుతూ, "విచారణ అయిపోతే వాడి తప్పేనని రాసేస్తారటగా?" అంది, ఎవరినో అడిగినట్టు. ప్యాకింగు పెద్దమ్మ టేపు లాగడం ఆపేసింది.

తర్వాత ఆమె నా బల్ల దగ్గరికొచ్చింది. దాచేయాలనుకున్నాను. చేతులు రెండూ చాపినా ట్రే మొత్తం ఎలా దాస్తాం? ఆమె ఒక బొమ్మ తీసుకుని దీపం కింద అటూ ఇటూ తిప్పింది. గుర్తుపట్టదేమో అనుకున్నాను, రాతి ఒళ్ళు కదా.

"వీడు ఇంత కుదురుగా ఎప్పుడు నిలబడ్డాడే?" అంది. నవ్వింది. ఆ నవ్వు చూసి ఉంటే నువ్వు ఆ ఎనిమిది రాసిన చేతిని నరుక్కునేవాడివి.

"ఏం చేస్తున్నాడు?"

"తలుపు మోస్తున్నాడు అక్కా. లోపలున్నవాళ్ళు బయటపడేదాకా."

"మరి వీణ్ణి పడగొడితే?"

నాకు అబద్ధం రాదని నీకు తెలుసు. "పాయింట్లొస్తాయి" అన్నాను.

ఆమె తల ఊపింది. "అంతేగా" అంది. తర్వాత మెల్లగా అడిగింది: "నువ్వు చూశావంటున్నారు. నిజంగా మోశాడా? నా మనసు కోసం చెప్పకు. వాడికి చిన్నప్పటినుంచీ బడాయి ఎక్కువ. మొయ్యకుండానే మోశానని చెప్పే రకం."

"మోశాడు" అన్నాను. "నామీద ఒట్టు" అన్నాను. ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మాలని ఉంది. కానీ ఒక్కదాని మాట. అదీ పొగలో పాకినదాని మాట. బొమ్మని తిరిగి ట్రేలో వరసలోనే పెట్టి వెళ్ళిపోయింది. తీసుకెళ్ళమన్నాను. "వద్దులే, అమ్ముకునేవి" అంది.

ఇంకోటి విను. ఆ షట్టరు మారుస్తారనుకున్నావా? రంగేశారు. మసి పోయేదాకా గీకి, నీలంరంగు వేసి, అదే షట్టరును అదే చోట ఎక్కించారు. లోపలి స్ప్రింగు కూడా అదే. పొద్దున తెరిచాక జారకుండా పక్కన చెక్కముక్క దూర్చి పెడుతున్నాం. మధ్యాహ్నం ప్యాకింగు పెద్దమ్మ బండి తగిలి ఆ చెక్క ఊడింది. షట్టరు జానెడు దిగి ఆగింది. అందరం ఒక్కసారి అటు చూశాం. మేస్త్రీ వెళ్ళి చెక్కని కాలితో తన్ని బిగించాడు, మళ్ళీ అందరం తలలు దించుకున్నాం. షట్టరు బాగానే ఉందని కాగితం మీద తేలితే, ఇక దాన్ని మార్చమని అడగడానికి మాకు నోరుంటుందా? రేపు ఇంకోసారి అంటుకుంటే మోసేవాడు ఎవడున్నాడు ఇక్కడ?

అందుకే అడుగుతున్నాను. ఏం చూశావు? చూసింది చూడలేదని ఎందుకన్నావు? నీకేమిచ్చారు?

చెల్లి


నా గది

పిడుగూ,

నాకేమీ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే బాగుండేది, ఆశపడ్డానని నన్ను నేనే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

ఇది రాసి నాలుగుసార్లు చింపాను. ఈసారి తిరిగి చదవకుండా కవర్లో పెట్టేస్తాను.

మంటల మర్నాడు మేనేజరు నన్ను పిలిచాడు. బల్ల మీద గుడ్డలో చుట్టి ఒక వస్తువు పెట్టాడు. గుడ్డ విప్పితే, కాలి కరిగిపోయిన హీట్ గన్. బొమ్మల చేతుల్లో వంకరపోయిన కత్తులూ బల్లేలూ వేడిగాలితో సరిచేసే మీ షెడ్డు హీట్ గన్. పిడి మీద పసుపు టేపు సగం మిగిలింది. అది నీ గన్ను, నువ్వే చుట్టుకున్నావు, వేరేవాళ్ళు తీసుకెళ్ళకుండా. థిన్నరు గది గడప దగ్గర దొరికిందట. స్విచ్చు నొక్కి ఉన్న చోటే కరిగి అతుక్కుపోయింది. నా చేత్తో నేను కదిపి చూశాను. కదల్లేదు.

"మీ చెల్లెలు దాన్ని ఆపకుండా అక్కడ పెట్టి వెళ్ళింది. ఇది నేను ఆఫీసరుకి ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు" అన్నాడు. "పోయినవాడు ఎలాగూ పోయాడు. నింద మోస్తే అతనికి కొత్తగా వచ్చే నొప్పేమీ ఉండదు. బతికున్న పిల్లని జైలుకి పంపుతావా? షట్టరు సంగతి నువ్వు చూడలేదంటే చాలు."

నేను ఆ గుడ్డని మళ్ళీ చుట్టి ఆయన చేతికిచ్చాను. అదే నేను చేసిన పని.

ఏం చూశానో అడిగావు. చెప్తాను. పొగ చూసి మెట్లు దిగి పరిగెత్తుకొచ్చేసరికి షట్టరు నడుమెత్తున ఉంది, దాని కింద బండ కాళ్ళు కనపడుతున్నాయి. వంగి చూస్తే వాడి భుజం మీద ఇనుము. ఒక్కొక్కరే పాకుతూ వస్తున్నారు, నేను లాగి పక్కకి తోస్తున్నాను. నువ్వు ఆఖరున వచ్చావు. నిన్ను లాగి పడుకోబెట్టి మళ్ళీ వంగాను. వాడి మొహం ఎర్రగా ఉబ్బిపోయింది. నన్ను చూసి, "ఒరేయ్, ముక్కు దురద పెడుతోందిరా. కాస్త గోకి పో" అన్నాడు. అప్పుడు కూడా. చెయ్యి చాపితే అందేంత దూరం. నేను గోకలేదు. "ఉండరా, ఊతం తెస్తా" అని ఇనప గొట్టం కోసం పెరట్లోకి పరిగెత్తాను. గొట్టం దొరికింది. వెనక్కి తిరిగేసరికి షట్టరు నేలని తాకింది.

ఇంకెవరికీ చెప్పుకోలేక ఆటలో రాశాను. ఎంత మోశాడో అంతా రాశాను. దాన్ని కూడా చివరికి ఎనిమిదికి దించాను. నాకు ధైర్యం లేదు. ఆ గుడ్డ ఇంకా మేనేజరు బీరువాలో ఉంది. నేను నోరు తెరిస్తే అది బయటికొస్తుంది. నీ కోసమే నోరు మూసుకున్నాను. తిట్టు, కొట్టు. కానీ ఈ ఉత్తరం కాల్చెయ్, ఏమీ తెలియనట్టే ఉండిపో. నిన్ను ఒకసారి దాని కిందనుంచి లాగాను. మళ్ళీ నా చేత్తోనే లోపలికి తొయ్యమంటావా?

అన్నయ్య


మన ఇల్లు,
వంటగది

హీట్ గన్ నాదే.

నీ ఉత్తరం చదివి స్టవ్ పక్కన కూర్చుని గుర్తు తెచ్చుకోడానికి చూశాను. థిన్నరు గది గడప దగ్గర నిలబడి ఒక గుర్రపు బొమ్మ కాలు సరిచేశాను. బల్ల దగ్గర ప్లగ్గు పనిచెయ్యక అక్కడ పెట్టుకున్నాను. మేస్త్రీ పిలిచాడు. గన్ను కింద పెట్టాను. స్విచ్చు మీద బొటనవేలు ఉన్నట్టు గుర్తుంది. నొక్కినట్టు గుర్తులేదు. ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా వేలు అక్కడే ఆగిపోతోంది.

రెండు రోజులు షెడ్డుకి వెళ్ళొచ్చాను. అన్నం డబ్బా విప్పకుండానే వెనక్కి తెచ్చాను. ప్యాకింగు పెద్దమ్మ నా నుదురు ముట్టుకుని చూసి, "ఏమైందే, నిన్నెవరన్నా తిట్టారా? పేరు చెప్పు, నేను చూసుకుంటా" అంది. ఏం చెప్పను? బండ మా ఆరుగురినీ బయటికి పంపాడు. వాణ్ణి ఆ షట్టరు కిందకి పంపింది నేనే అయ్యుండొచ్చు. ట్రేలో ఉన్నవాళ్ళని కడుగుతుంటే ఒక్కొక్కడి మొహంలోకీ చూడాల్సొచ్చింది. బుడగ ఉందో లేదో చూడకుండా పెట్టెలోకి పంపకూడదు కదా.

మూడో రోజు ఆఫీసరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. పసుపు టేపు గన్ను నాదని, ఆపానో లేదో గుర్తులేదని, అది మేనేజరు బీరువాలో ఉందని. ఆయన కలం కింద పెట్టేశాడు. "ఇది నీ మెడకే చుట్టుకుంటుందమ్మా. నీకెవరైనా పెద్దవాళ్ళున్నారా, మాట్లాడటానికి?" అన్నాడు.

"ఒక అన్న ఉన్నాడండీ" అన్నాను.

మనుషుల్ని పంపి బీరువా తెరిపించారు. గుడ్డ దొరికింది. కాబట్టి నువ్వు కాపాడటానికి ఇక ఏమీ మిగల్లేదు. "నీ కోసమే" అని ఇంకోసారి రాస్తే నీ ఉత్తరం విప్పను. నన్నడిగావా? అడిగి ఉంటే ఆరోజే చెప్పేదాన్ని. నా తప్పుని తీసుకెళ్ళి, నన్ను బతికించినవాడి నెత్తిన పెట్టావు. వాడు మోస్తాడులే అనుకున్నావు. ఆ షెడ్డులో అందరం వాడి గురించి అలాగే అనుకునేవాళ్ళం. డ్రమ్ము బరువుగా ఉంటే బండ, బండి ఇరుక్కుంటే బండ. చచ్చాక కూడానా?

ముక్కు గోకలేదని ఏడుస్తూ రాశావు. గొట్టం కోసం పరిగెత్తినందుకు నిన్ను నేనేమీ అనను. నేనైనా పరిగెత్తేదాన్ని. నేను అడుగుతున్నది ఆ తర్వాత ఇన్ని నెలలూ ఎక్కడికి పరిగెత్తావని.

ఇప్పుడు సంగతి ఇలా ఉంది, సరిగ్గా చదువు. నిప్పు ఎలా పుట్టిందో తేలిపోయింది. బీడీ మాట కొట్టేశారు. కానీ షట్టరు బాగానే ఉందన్న మాట అలాగే ఉంది. వాడు ఏదో తెచ్చుకోడానికి వెనక్కి పోయాడన్న మాటా అలాగే ఉంది. ఆఫీసరు మొహమాటం లేకుండా చెప్పేశాడు: "షట్టరు గురించి చెప్పేది నువ్వొక్కదానివే. ఇప్పుడు నువ్వే నిందితురాలివి. నీ మీద భారం తగ్గించుకోడానికి షట్టరు మీదికి తోస్తున్నావంటారు. బయట నిలబడి చూసినవాడు ఒక్కడుండాలి." బయట నిలబడి చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు నీ గదిలో కూర్చుని ఉత్తరాలు చింపుతున్నాడు.

నాకేం శిక్ష పడుతుందో తెలియదు. భయంగా ఉంది. అయినా అది నాది, నేను చూసుకుంటాను. నువ్వు దానికి రావద్దు, లాయరును పంపొద్దు, మేనేజరు కాళ్ళు పట్టుకోవద్దు.

శుక్రవారం ఆఖరి విచారణ. ఆరోజుతో రాసేస్తారు. ఆ రోజు వచ్చి, నీ పాత వాంగ్మూలం అబద్ధమని ఆఫీసరు ముందు నీ నోటితో చెప్పు. షట్టరు కింద వాడి భుజం చూశానని చెప్పు. ఆరుగురిని లాగానని, ఆరోదాన్ని లాగేటప్పుడు కూడా వాడు మోస్తూనే ఉన్నాడని చెప్పు. వాడు నీతో ఏమన్నాడో అది కూడా చెప్పు, సిగ్గుపడకు. వాళ్ళక్క అక్కడే ఉంటుంది. అది వాడు తప్ప ఇంకెవరూ అనలేని మాటని ఆమెకి తెలుసు.

బుధవారం టపాలో నాకు నీ జవాబు రావాలి. పొడుగ్గా రాయొద్దు. వస్తున్నావా, రావట్లేదా.